పాముకెక్కే విషం

శివరాత్రి దాటి ఎండ చురుక్కుమనే వేళకి చిలకలూరిపేట నుంచి మార్టూరు, అద్దంకి దాకా మిరప కల్లాలు ఎర్రబడి ఉంటాయి. కోసిన కాయ నేలమీద ఆరుతుంటుంది. రాత్రి మంచుకు తడవకుండా పట్టాలు కప్పుతారు. తెల్లారి పట్టా ఎత్తితే, వెచ్చదనానికి కింద చేరిన ప్రాణి ఏదో ఒకటి కదులుతుంది. జెర్రిపోతు కావచ్చు, కట్లపాము కావచ్చు, రక్తపింజర కావచ్చు. ఒకప్పుడైతే కేక వినబడగానే కర్రలు లేచేవి. ఇప్పుడు పల్నాడు, బాపట్ల, ప్రకాశం ఊళ్లలో చాలాచోట్ల ముందు ఫోను మోగుతోంది. పాములు పట్టే మనిషి వస్తాడు, పట్టుకుంటాడు, చేతికందిన డబ్బాలో వేసి మూత బిగిస్తాడు. చుట్టూ చేరినవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు.

కథ అక్కడితో అయిపోయిందనుకుంటాం. పాముకు అసలు గండం అక్కడే మొదలవుతుంది.

చంపకుండా పట్టించడం మన ప్రాంతం నేర్చుకున్న మంచి అలవాటు. దాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అయితే పట్టిన ప్రాణిని ఎందులో ఉంచుతున్నాం, ఎంతసేపు ఉంచుతున్నాం, ఏం పెడుతున్నాం, పక్కన ఏం చల్లుతున్నాం అని అడిగేవాళ్లు కనిపించరు. పత్తీ మిరపా పండే నేలలో చేతికందే సామాను చాలావరకు ఏదో ఒక మందు తగిలినదే. డబ్బా, బస్తా, తాడు, పాత గుడ్డ, చివరికి మేతగా వేసే ఎలుక కూడా. పాముకు విషం ఉందని మనకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. మన సామాన్లలోని విషం పాముకు ఎక్కుతోందన్న సంగతి ఇంకా పట్టించుకోలేదు.

నెర్రెల్లో ఇల్లు

నల్లరేగడి నేల వేసవిలో నోరు తెరుస్తుంది. పత్తి తీసేసిన చేలో కాలు పెడితే పాదం దిగబడేంత నెర్రెలు. పైన నేల కాలిపోతున్నా ఆ నెర్రెల లోపల చల్లగా ఉంటుంది, కాస్త చెమ్మ కూడా ఉంటుంది. ఎలుకలు అక్కడే ఉంటాయి, వాటి కోసం పాములూ అక్కడే ఉంటాయి. పగలు లోపలికి, చల్లబడ్డాక పైకి. చలికాలంలో పొద్దుటి ఎండకు గట్టుమీదికి. పాముకు మనలా ఒంటి వేడిని లోపలే సర్దుకునే ఏర్పాటు లేదు. చోటు మారడమొక్కటే దానికున్న ఉపాయం. ఎండకూ నీడకూ మధ్య నాలుగు బారల దూరం జరిగే స్వేచ్ఛే దాని ఆరోగ్యం.

డబ్బాలో పడగానే పోయేది ఆ స్వేచ్ఛ. మన రాష్ట్రంలో ఎండ అనగానే రెంటచింతల పేరు చెబుతారు. మే నెలలో అక్కడ 45 డిగ్రీలు దాటడం కొత్తకాదు. అలాంటి ఎండలో మూతపెట్టిన ప్లాస్టిక్ డబ్బాను బండి ముందు పెట్టుకుని అటవీశాఖ కార్యాలయం దాకా వెళ్తే లోపలి వేడి బయటికన్నా త్వరగా ఎక్కుతుంది. ఒంటి వేడి 40 డిగ్రీలు దాటిందంటే చాలా పాములకు ప్రాణం మీదికి వచ్చినట్టే. మొదట డబ్బా అంతా కలియతిరుగుతుంది, నోరు తెరుస్తుంది, ఆపైన కదలిక ఆగిపోతుంది. చూసేవాళ్లు శాంతించిందనుకుంటారు. అడవిలో వదిలితే పాక్కుంటూ వెళ్లిందని వీడియో కూడా తీస్తారు. లోపల దెబ్బతిన్న పాము రెండు రోజులకు ఏ పొద కిందో చచ్చిపోతే ఆ వీడియో ఎవరూ తీయరు.

మూతకు రంధ్రాలు పెట్టాం కదా అంటారు. రంధ్రాలు గాలికి పనికొస్తాయి, ఎండకు పనికిరావు. ఆ రంధ్రాలు పెట్టే తీరులో కూడా ఒక ప్రమాదం ఉంది. కాల్చిన మేకుతో బయటి నుంచి లోపలికి పొడుస్తాం. కరిగిన ప్లాస్టిక్ అంచు లోపలివైపు ముళ్లలా నిలబడుతుంది. తప్పించుకునే దారి కోసం పాము ముక్కును ప్రతి రంధ్రానికీ అదిమి రుద్దుతుంది. ముట్టె చీరుకుపోతుంది, అక్కడ చీము పడుతుంది, నోరంతా పుండవుతుంది. నోరు పుండైన పాము వేటాడలేదు. రంధ్రం లోపలి నుంచి బయటికి పెట్టి, అంచులు నున్నగా రుద్దితే ఈ బాధ ఉండదు. ఖర్చు లేని పని.

రంధ్రం ఎంత పెద్దదన్నది కూడా చిన్న విషయం కాదు. రక్తపింజర గుడ్లు పెట్టదు, పిల్లల్నే ఈనుతుంది. ఒక్క కాన్పులో ఇరవై ముప్పై పిల్లలు సాధారణం. వేసవి చివర్లో, తొలకరి వేళ పట్టిన లావాటి రక్తపింజరను రాత్రి డబ్బాలో ఉంచితే తెల్లారేసరికి ఆ డబ్బాలో పెన్సిలంత పిల్లలు గుట్టగా ఉండవచ్చు. పుట్టిన క్షణం నుంచే వాటికి కోరలూ ఉంటాయి, విషమూ ఉంటుంది. వేలు దూరే రంధ్రంలోంచి అవి ఒక్కొక్కటే బయటికి వచ్చేస్తాయి. ఆ డబ్బా ఉన్న గది ఎవరిదైతే ఏం, వాళ్ల ప్రాణాలకు ఎవరు పూచీ?

డబ్బా ఎక్కడిది?

మిరప తోట అంటేనే మందుల సేద్యం. 2021లో నల్ల తామర పురుగు విరుచుకుపడ్డాక ఆ పిచికారీలు ఇంకా పెరిగాయి. పూత మీద చేరి తోటకు తోటనే ముడిచేసిన ఆ పురుగును ఆపడానికి రైతులు దొరికిన మందల్లా కొట్టారు, మందు మీద మందు కలిపి కొట్టారు. పెట్టుబడి మునిగిపోతున్న మనిషిని తప్పుపట్టలేం. ఆ సేద్యం మిగిల్చినవి ఊరినిండా ఉన్నాయి. మందు కలిపే నీలం డ్రమ్ములు, ఖాళీ లీటరు డబ్బాలు, అయిదు లీటర్ల క్యాన్లు. కడిగి నీళ్లు పట్టుకునే ఇళ్లున్నాయి, అవే డబ్బాలు పాములకూ వాడుతున్నారు.

నీళ్లతో నాలుగుసార్లు కడిగితే మందు పోతుందనుకోవద్దు. నూనెతో తయారైన మందులు ప్లాస్టిక్ గోడలోకే ఇంకుతాయి. పాము పొట్ట మొత్తం అడుగుకు ఆని ఉంటుంది. పైగా క్షణానికోసారి నాలుక చాపి, గాలిలోని, నేలమీది వాసనల రేణువుల్ని నోటి పైకప్పులోని గ్రాహకాలకు అందించుకుంటుంది. కొత్త చోట, భయంలో, ఆ నాలుక ఇంకా ఎక్కువ ఆడుతుంది. డబ్బా గోడకంటిన మందు ఆ నాలుక మీదుగా నోట్లోకి చేరుతుంది. మోనోక్రోటోఫాస్, ప్రొఫెనోఫాస్, క్లోరిపైరిఫాస్ జాతి మందులు నరాలకు, కండరాలకు మధ్య నడిచే సంకేతాన్ని చెడగొడతాయి. మందు కొట్టి పొలంలోనే కూలిపోయిన రైతుకు ఆసుపత్రిలో అట్రోపిన్ ఎక్కించేది ఇందుకే. మనిషిని కూల్చే మందు అరకిలో బరువున్న పామును ఏం చేస్తుందో వేరే చెప్పాలా.

బస్తాల సంగతీ అంతే. యూరియా బస్తా ప్లాస్టిక్ పోగులతో అల్లినది. అంచులు విడిపోయి దారాలు వేలాడుతుంటాయి. పాము పళ్లు లోపలికి వంగి ఉంటాయి, ఒకసారి పోగు తగులుకుంటే వదలదు. మెలికలు తిరిగేకొద్దీ మెడకు, దవడకు చుట్టుకుంటుంది. అనుభవమున్న పాములవాళ్లు మందపాటి నూలుగుడ్డతో సంచి కుట్టించుకుంటారు. కుట్టు అంచుల్ని బయటివైపుకే వదులుతారు, లోపల ఒక్క దారం కూడా లేకుండా. పత్తి పండించే నేలలో పాముకు నూలు సంచి దొరకకపోవడం నాకు బాధ కలిగించే విషయం.

ఇంకొకటి టేపు. మూత ఊడకుండా డబ్బా చుట్టూ బ్రౌన్ టేపు వేస్తారు. సందులో టేపు జిగురు కొంచెం లోపలివైపు కనిపిస్తే చాలు, పాము దాన్ని పట్టుకుని గింజుకుంటుంది, పొలుసులతో సహా చర్మం ఊడి వస్తుంది. ఎలుకల కోసం ఇంట్లో పెట్టే జిగురు అట్టలకు అంటుకున్న పాముల్నీ బల్లుల్నీ లాగి వదిలించకూడదు. వంటనూనె కొద్దికొద్దిగా రాస్తే జిగురు కరుగుతుంది. అయితే ఆ పని తెలిసినవాళ్లే చేయాలి, అట్టకు అంటుకున్న కట్లపాము కూడా కరుస్తుంది.

ఒకే డబ్బాలో రెండు పాముల్ని వేయడం మరో పొరపాటు. కట్లపాము పాముల్ని తింటుంది. నాగుపామూ తింటుంది. పొద్దున మూత తీసి రెండోది తప్పించుకుపోయిందని ఇల్లంతా వెతికితే ప్రయోజనం ఉండదు.

వడనెమ్మేలి కుండలు

ఇంతకీ పామును బంధించి ఆరోగ్యంగా ఉంచడం సాధ్యమేనా? సాధ్యమే. చెన్నై నుంచి మామల్లపురం వెళ్లే దారిలో, వడనెమ్మేలిలో, మద్రాసు మొసళ్ల కేంద్రం ఆవరణలో ఇరుళర్ల పారిశ్రామిక సహకార సంఘం ఉంది. ఇరుళర్లు తరతరాలుగా ఎలుకల్నీ పాముల్నీ పట్టి బతికినవాళ్లు. ఒకప్పుడు పాము తోళ్ల వ్యాపారానికి వాళ్ల నైపుణ్యమే ఆధారం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చి, ఆ తర్వాత తోళ్ల ఎగుమతి కూడా ఆగిపోయాక బతుకుతెరువు పోయింది. పాముల నిపుణుడు రోములస్ విటేకర్ చొరవతో 1978లో ఈ సంఘం పుట్టింది. పామును చంపి తోలు అమ్మిన చేతులే, చంపకుండా విషం తీసి అమ్మడం మొదలుపెట్టాయి.

మన దేశంలో పాముకాటుకు ఇచ్చే మందు తయారీకి కావలసిన విషంలో చాలాభాగం ఇక్కడి నుంచే వెళ్తుంది. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, ఇసుక పింజర. ఈ నాలుగింటి విషాన్ని గుర్రాలకు కొద్దికొద్దిగా ఎక్కించి, వాటి రక్తంలో పుట్టిన విరుగుడును వేరుచేస్తారు. మిరప కోతలో కాటు పడి గుంటూరు పెద్దాసుపత్రికి చేరిన కూలీకి ఎక్కించే మందు మూలం, చాలామటుకు, వడనెమ్మేలిలోని ఒక కుండలో ఉంటుంది.

అవును, కుండలోనే. అక్కడ పాముల్ని ఉంచేది గాజుపెట్టెల్లో కాదు, ఇనుప బోనుల్లో కాదు. మామూలు మట్టి కుండ, సగానికి ఇసుక, మూతికి నూలుగుడ్డ కట్టి తాడుతో బిగింపు. దాన్ని నీడలో పెడతారు. మట్టికి సన్నటి రంధ్రాలుంటాయి కాబట్టి లోపల చల్లగా ఉంటుంది. చీకటిగా ఉంటుంది కాబట్టి పాము బెదరదు. గోడ గరుకు కాబట్టి కుబుసం విడవడానికి ఒళ్లు రుద్దుకోవచ్చు. గుడ్డలోంచి గాలి ఆడుతుంది. జిగురు లేదు, పోగు లేదు, మందు వాసన లేదు. ఒక్కో పామును మూడు నాలుగు వారాలు మాత్రమే ఉంచుకుని, నాలుగుసార్లు విషం తీసి, మళ్లీ పట్టకుండా పొట్టమీది పొలుసుకు గుర్తు పెట్టి వదిలేస్తారు.

ఆ సంఘంతో పనిచేసిన మాసి సదయన్, వడివేల్ గోపాల్ 2017లో అమెరికాలోని ఫ్లోరిడా వెళ్లి, అక్కడి చిత్తడి అడవుల్ని ముంచెత్తిన బర్మా కొండచిలువల్ని పట్టి చూపించారు. 2023లో ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది. మన గుంటూరు, ప్రకాశం, నెల్లూరు జిల్లాల్లో యానాదులున్నారు. ఎలుక కన్నం చూసి లోపల ఎలుక ఉందో పాము ఉందో చెప్పగల కుటుంబాలు వాళ్లలో ఇంకా ఉన్నాయి. పాములు పట్టడానికి కొత్తగా శిక్షణ ఇచ్చేవాళ్లు ముందు వెళ్లి అడగాల్సింది ఆ కుటుంబాలనే అని నా గట్టి నమ్మకం. ఆ జ్ఞానానికి కూలి రేటు కూడా దక్కని పరిస్థితి మారాలి.

మనకు మందు, వాటికి మిత్తి

బంధించిన ప్రాణి నీరసంగా ఉంటే జాలితో ఏదో ఒక మందు వేద్దామనిపిస్తుంది. అక్కడే ఆగాలి.

పసిఫిక్ సముద్రంలోని గ్వామ్ దీవికి రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఓడల సరుకుతో గోధుమరంగు చెట్టుపాములు చేరాయి. అక్కడి అడవి పక్షుల్ని దాదాపు ఊడ్చేశాయి. వాటిని తగ్గించడానికి అమెరికా అధికారులు ఏం చేశారంటే, చచ్చిన ఎలుకపిల్లలకు పారాసెటమాల్ తగిలించి హెలికాప్టర్ల నుంచి అడవిలోకి జారవిడిచారు. ఒక్కో ఎలుకపిల్లలో 80 మిల్లీగ్రాములు. ఆ ఎలుకను మింగిన పాము చచ్చిపోతుంది. పాము రక్తం ప్రాణవాయువును మోయలేని స్థితికి చేరుతుంది కనుక. మనం జ్వరానికి వేసుకునే బిళ్ల 500 మిల్లీగ్రాములు, 650 మిల్లీగ్రాములు. దెబ్బతగిలిన పాముకు నొప్పి తగ్గుతుందని బిళ్ల అరగదీసి పోయాలనుకునే దయగల మనిషికి ఈ సంగతి తెలియాలి.

తాబేళ్లకు ఇంకో గండం ఐవర్‌మెక్టిన్. గేదెలకు, కుక్కలకు పేలూ గోమార్లూ పోవడానికి వాడే మందు, ఊళ్లో ఏ పశువుల మందుల దుకాణంలోనైనా దొరుకుతుంది. తాబేలు మెడ దగ్గర గోమార్లు కనిపిస్తే అదే సూది కొద్దిగా వేద్దామనుకోవడం సహజం. ఐవర్‌మెక్టిన్ తాబేళ్లకు పక్షవాతం తెప్పించి చంపగలదని 1983లోనే అమెరికా పశువైద్యులు ప్రచురించారు. కుక్కకు పడిన మందు తాబేలుకు పడాలనే నియమం లేదు.

ఫినాయిలు కూడా ఇలాంటిదే. గది కడిగినా, బోను కడిగినా మనకు ఫినాయిలు వాసన వస్తేనే శుభ్రమైనట్టు. ఫినాల్ జాతి మందులు సరీసృపాలకు హాని చేస్తాయి. బోను కడగడానికి పలుచగా కలిపిన బ్లీచింగ్ నీళ్లు చాలు, ఆ తర్వాత మంచినీళ్లతో బాగా కడిగి, వాసన పూర్తిగా పోయేదాకా ఎండబెట్టి, అప్పుడే ప్రాణిని లోపలికి వదలాలి. పాములకు పట్టే నల్లటి సన్న పేలను చంపాలని పురుగుమందు పలుచన చేసి కొట్టేవాళ్లున్నారు. పేలు చస్తాయి, పాము కూడా చస్తుంది. పాము ఉన్న గదిలో దోమల చుట్ట, గోడకు పెట్టే దోమల మందు సీసా కూడా వద్దు. వాటిలో ఉండేది పైరిథ్రాయిడ్ మందే, చేలో పురుగుకు కొట్టే లామ్డా సైహలోత్రిన్‌కు దగ్గరి చుట్టం. కలరా ఉండలు అసలే వద్దు.

ఎలుక తెచ్చే చావు

సారవంతమైన పొలాల్లో ఎలుకల బాధ ఉన్నంతకాలం పాము రైతుకు మిత్రుడు అంటుంటాం. ఆ మిత్రుడికి మనం పెట్టే విందు ఏమిటో చూడండి. రైతులంతా కలిసి బ్రోమాడయోలిన్ కలిపిన నూకలు కన్నాల్లో పెడతారు. కొందరు జింకు ఫాస్ఫైడు వాడతారు. బ్రోమాడయోలిన్ తిన్న ఎలుక వెంటనే చావదు. కొన్ని రోజులపాటు లోపల రక్తం కారుతూ, మందకొడిగా, పట్టపగలు గట్టు మీద తిరుగుతుంది. సులువుగా దొరికే ఎలుకను వదులుకునే పాము ఉండదు, గుడ్లగూబ కూడా ఉండదు.

బంధించిన పాముకు మేతగా వేసే ఎలుక ఎక్కడిదన్నది కాబట్టి మొదటి ప్రశ్న. పొలంలో దొరికినదైతే దానికి మందు తగలలేదని ఎవరూ చెప్పలేరు. ఇక బోనులో బతికున్న ఎలుకను వదిలేసి వెళ్లడం ఇంకో తప్పు. పాముకు ఆకలి లేకపోతే, కుబుసం విడిచే ముందు కళ్లు మసకబారి ఉంటే, ఆ ఎలుకే రాత్రంతా పామును కొరికి తింటుంది. వెన్నెముక బయటపడేలా కొరికిన కేసులు జంతుప్రదర్శనశాలల వైద్యులకు కొత్తకాదు. నిజానికి ఒకటి రెండు రోజులు ఉంచి వదిలే పాముకు మేత అక్కర్లేదు. వారాల తరబడి తినకుండా ఉండగలదు. దానికి కావలసింది తలకిందులు కాని చిన్న మూకుడులో మంచినీళ్లు.

తిండిలోంచి వచ్చే చావు ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో 2007 డిసెంబరు నుంచి 2008 మార్చి దాకా చంబల్ నదిలో దేశం చూసింది. వందకు పైగా ఘరియాల్ మొసళ్లు ఒకదాని వెంట ఒకటి తేలాయి. కోసి చూస్తే మూత్రపిండాలు చెడిపోయి ఉన్నాయి. యమున నుంచి వచ్చిన చేపల్లో ఏదో విషం ఉండి ఉంటుందన్న అనుమానం బలపడింది. చంబల్ దేశంలో శుభ్రమైన నదుల్లో ఒకటి. అయినా పక్క నది చేపే చాలిందనిపిస్తుంది.

తాబేలు తొట్టి

బందీగా బాధపడేది పాము ఒక్కటే కాదు. నక్షత్ర తాబేలు మన మెట్ట చిట్టడవుల జీవి. వీపు మీద పసుపు గీతలు నక్షత్రాల్లా విచ్చుకుని అందంగా ఉంటుంది. ఆ అందమే దానికి శత్రువయింది. ఇంట్లో ఉంటే కలిసొస్తుందన్న నమ్మకంతో తొట్టిలో పెంచేవాళ్లు పట్టణాల్లో ఎందరో. వాళ్లలో చాలామందికి అది నేరమని తెలియదు. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది, నక్షత్ర తాబేలు ఇప్పుడు మొదటి షెడ్యూలులో ఉంది. మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల దాకా జైలు, 25 వేల రూపాయలకు తగ్గని జరిమానా. 2019లో దాని అంతర్జాతీయ వ్యాపారాన్ని కూడా పూర్తిగా నిషేధించారు. రెండు తలల పాము ఇంట్లో ఉంటే కోట్లు వస్తాయంటూ తిరిగే ముఠాల మాటలు నమ్మి డబ్బు పోగొట్టుకుని జైలుకెళ్లినవాళ్లూ ఉన్నారు. ఇగువానా, బాల్ పైథాన్ లాంటి విదేశీ జాతుల్ని పెంచేవాళ్లు కూడా 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి.

చట్టం పక్కనపెట్టి చూసినా ప్లాస్టిక్ తొట్టి నక్షత్ర తాబేలుకు నరకం. ఇది నీటి తాబేలు కాదు, తొట్టినిండా నీళ్లు పోస్తే మునిగిపోతుంది. నిత్యం తడిగా ఉన్న నేలమీద ఉంచితే చిప్ప కుళ్లుతుంది, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుంది. అన్నం, టమాటా పెడితే తింటుంది, కానీ దాని ఒంటికి కావలసింది గడ్డి, ముళ్ల మొక్కల ఆకులు, ఎండ, సున్నం. అవి లేకపోతే చిప్ప గుట్టలు గుట్టలుగా వికారంగా పెరుగుతుంది. గోడ పక్కన రాయి ఉంటే ఎక్కి వెల్లకిలా పడుతుంది, ఎండలో అలాగే చచ్చిపోతుంది. రంగురంగుల పాలిథిన్ ముక్క కనిపిస్తే పువ్వనుకుని మింగుతుంది. ఎక్కడెక్కడి నుంచో పట్టుబడిన తాబేళ్లను ఒకేచోట కలిపేస్తే ఒకదాని ముక్కు జలుబు అన్నింటికీ అంటుకుంటుంది. శ్రీకాకుళం జిల్లా శ్రీకూర్మంలో కూర్మనాథస్వామి ఆలయానికి భక్తులు నక్షత్ర తాబేళ్లను తెచ్చి సమర్పిస్తుంటారు. స్వామి మీది భక్తిని నేను గౌరవిస్తాను. అడవి నుంచి తాబేలును తీసి తెచ్చే ఆ ప్రయాణం, ఆ కలిపివేత, ఆ కొత్త వాతావరణం దానికి ఎంత కష్టమో భక్తులు కూడా ఆలోచించాలని కోరుతున్నాను.

బాగా చూసుకుంటే సరీసృపం ఎంతకాలం బతుకుతుందో చెప్పడానికి హైదరాబాదు నెహ్రూ జంతుప్రదర్శనశాలలోని గాలపాగోస్ తాబేలు చాలు. 1963లో పబ్లిక్ గార్డెన్ నుంచి అక్కడికి చేరింది. 2024 మార్చిలో, సుమారు 125 ఏళ్ల వయసులో, ముసలితనంతో కన్నుమూసింది.

పుట్ట

కార్తీక శుద్ధ చవితినాడు మన ఊళ్లన్నీ పుట్టల దగ్గరే ఉంటాయి. చిమ్మిలి, చలిమిడి, వడపప్పు, పాలు, కోడిగుడ్డు. దీపావళికి కొన్న టపాసుల్లో కొన్ని ఆ రోజుకు దాస్తారు. పాముకు ఇంత గౌరవం ఇచ్చే పండుగ ఇంకెక్కడుంది! కాబట్టే ఈ మాట చెప్పే చనువు తీసుకుంటున్నాను. పుట్ట చెదలు కట్టుకున్న ఇల్లు. లోపల గాలి ఆడే దారులుంటాయి, పాము చేరేది ఆ దారుల్లోకే. వాటిలోకి చెంబుల కొద్దీ పాలు పోస్తే మట్టి నానుతుంది, పాలు పులుస్తాయి, చీమలు పడతాయి. పైన రంగు కలిసిన కుంకుమ. పాము పాలు తాగి బతికే జీవి కాదు. పాములాడించేవాళ్లు పండుగ ముందు రోజుల తరబడి నీళ్లివ్వకుండా మాడ్చిన పాము, పాలైనా ఏదైనా దప్పికకు తాగుతుంది, అది తాగడం చూసి మనం చేతులు జోడిస్తాం. పుట్ట మొదట్లో మూకుడు పెట్టి అందులో పాలు పోయండి. కన్నాల్లోకి వద్దు. టపాసులు ఇంటి దగ్గరే కాల్చండి.

పుట్ట పక్క చేను గురించి ఒక్క మాట. తీరంలో రొయ్యల చెరువుల చుట్టూ కట్టే నైలాన్ వలల్లో నీరుకట్టెలు, జెర్రిపోతులు చిక్కుకుని ఎండకు ఎండిపోతున్నాయి. మిరప నారుమళ్ల వలలూ అంతే. వలను నేలకు జానెడు ఎత్తులో ఆపినా, నేల దగ్గర గట్టి షీటు వేసినా ఈ చావులు చాలావరకు తగ్గుతాయి. మార్కాపురం, యర్రగొండపాలెం వైపు అడవిపందుల కోసం కంచెకు కరెంటు పెడుతున్నారు, అది మనుషుల్ని కూడా చంపుతోంది, అది నేరం. వాడని నేలబావిలో పడిన ప్రాణి పైకి రాలేదు, ఒక పొడవాటి కర్రను లోపలికి ఏటవాలుగా వేసి ఉంచినా దానికి మెట్టు అవుతుంది. పత్తి కట్టె తగలబెట్టే ముందు కుప్పను ఒకసారి కదిలించి, అవతలి వైపు దారి వదిలి నిప్పు పెట్టండి. తగలబెట్టకుండా ముక్కలు చేసి నేలలో కలిపితే ఇంకా మేలు.

ఒక సంగతి మాత్రం మరిచిపోవద్దు. ఇది చదివి ఎవరూ పామును పట్టే ప్రయత్నం చేయకండి. 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుతో ఏటా సగటున 58 వేలమంది చనిపోయారని 2020లో వచ్చిన అధ్యయనం లెక్కతేల్చింది, ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో మనదీ ఒకటి. పాము కనబడితే దూరం జరిగి, అది ఎటు వెళ్తోందో కనిపెట్టి, అటవీశాఖకు చెప్పండి. కాటు పడితే కట్టు బిగించడం, గాటు పెట్టడం, పసరు తాగించడం వద్దు. కాలో చెయ్యో కదలనివ్వకుండా 108 పిలిచి ఆసుపత్రికి చేర్చండి.

పంచాయతీలకు, అటవీశాఖ వారికి, ఊళ్లలో పాములు పట్టే తమ్ముళ్లకు నా విన్నపం. వచ్చే మిరప కోతల లోపు ప్రతి రైతు సేవా కేంద్రంలో ఒక మట్టి కుండ, అందులోకి ఇసుక, మందపాటి నూలుతో కుట్టించిన రెండు సంచులు, ఎన్నడూ మందు తగలని మూత డబ్బా ఒకటి ఉంచండి. వాటి మీద పెద్ద అక్షరాలతో 'పాములకు మాత్రమే' అని రాయించండి. ఈ సామానంతా కలిపినా పురుగుమందు సీసా ధర కూడా కాదు.